పెరటి విత్తనానికి ముహూర్తం ఎప్పుడు?



సంక్రాంతి పండుగ వెళ్ళి, పెరట్లో చిక్కుడు పాదు ముదిరి, కాపు తగ్గే రోజులు వచ్చేసరికి మనలో చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. "ఈ వేసవికి నాలుగు బెండ గింజలు, ఓ బీర పాదు పెట్టుకుంటే ఎలా ఉంటుంది?" అని. ఆలోచన మంచిదే. కాని ఎప్పుడు పెట్టాలి? ఆ సంగతి తేల్చుకోకుండా గింజలు కొన్నవాళ్ళకు చివరికి మిగిలేది ఎండిన తీగ, పెరిగిన నీళ్ళ ఖర్చు.

ఈ మాట నేను అనుభవం మీదే చెబుతున్నాను. మా వారి ఉద్యోగం కారణంగా కృష్ణా జిల్లా నుంచి రామచంద్రాపురం వైపు కాపురానికి వచ్చిన కొత్తలో, కొత్త సంవత్సరం కదా, శుభం కదా అని సరిగ్గా ఉగాదినాడు గింజలు పెట్టాను. మొలకలు చక్కగా వచ్చాయి. బీర తీగ పందిరంతా పాకింది, పసుపుపచ్చని పూలతో కళకళలాడింది. పిందె మాత్రం ఒక్కటీ లేదు! బెండ మొక్కల ఆకుల మీద ఈనెలు పచ్చబడి, కాయలు గిడసబారిపోయాయి. గేటు దగ్గరకు కూరగాయలు తెచ్చే అవ్వ అది చూసి నవ్వి, "ఇప్పుడేం పెడ్తవ్ బిడ్డా, ఎండలు ముదిరినంక? సంకురాత్రి ఎల్లినంక పెట్టాలె గని" అంది. ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో నాకు తరవాత తెలిసింది.

మనం వసంతం అనగానే నాట్లకు అనువైన కాలం అనుకుంటాం. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోను చేసి, "మే నెల వస్తేగాని మొక్కలు బయట పెట్టలేమమ్మా" అంటారు. వాళ్ళకది నిజమే. మంచు కురిసి మొక్క మాడిపోతుందనే భయంతో వాళ్ళు చలి పోయేదాకా కాచుకుంటారు. మనకు అటువంటి మంచు లేదు. మన భయమల్లా ఎండే. వాళ్ళు చలి వెనక నడిస్తే, మనం ఎండకు ముందు పరుగెత్తాలి. అందుచేత వాళ్ళ వీడియోలు చూసి మనం విత్తనం పెట్టకూడదు.

అలాగని మరీ ముందు పెట్టినా లాభం లేదు. బీర, సొర, కాకర, దోస, బెండ, ఇవన్నీ వెచ్చదనం కోరే జాతులు. నేల 20 డిగ్రీలకన్నా చల్లగా ఉంటే గింజ తొందరగా మొలవదు, తడిలో నాని కుళ్ళిపోతుంది. ఇక్కడ మన పటాన్‌చెరు సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. చలికాలంలో వాతావరణం వార్తలు వింటే తెలుస్తుంది, బేగంపేటలో కంటే పటాన్‌చెరులో రాత్రిళ్ళు కొన్ని డిగ్రీలు తక్కువ నమోదవుతూ ఉంటాయి. నగరంలో సిమెంటు కట్టడాలు పగలు తాగిన వేడిని రాత్రి వదులుతాయి. ఆరుబయలు నేల తొందరగా చల్లారిపోతుంది. కాబట్టి అమీర్‌పేటలో ఉన్న మీ అక్కగారు జనవరి చివరి వారంలో గింజ పెట్టారని మీరూ సంగారెడ్డిలో పెట్టేయనక్కరలేదు. వారం పది రోజులు ఆగండి.

మరి ముహూర్తం ఎలా చూడాలి? చాలామంది శివరాత్రిని గుర్తు పెట్టుకుంటారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత ఉండనే ఉంది కదా. కాని పండుగలతో ఒక చిక్కుంది. మన చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. సూర్యుడి లెక్కకు పదకొండు రోజులు తక్కువ. ఆ తేడా సర్దడానికే అధికమాసం వస్తుంది. అందువల్ల శివరాత్రి 2023లో ఫిబ్రవరి 18న వస్తే, 2024లో మార్చి 8న వచ్చింది. ఉగాది 2023లో మార్చి 22 అయితే, 2024లో ఏప్రిల్ 9. దగ్గర దగ్గర మూడు వారాల తేడా! దేవుడికి మూడు వారాలు లెక్క కాకపోవచ్చు గాని, బెండ మొక్కకు చాలా పెద్ద లెక్క.

మన రైతులు అందుకే కార్తెలు చూస్తారు. కార్తె సూర్యుడు నడిచే నక్షత్రాన్ని బట్టి వస్తుంది కనుక ఏటా ఒక రోజు అటూ ఇటూగా అదే తేదీకి ఉంటుంది. ధనిష్ఠ కార్తె ఫిబ్రవరి 6 ప్రాంతంలో వస్తుంది. రోహిణి మే 25న, మృగశిర జూన్ 8న. సంక్రాంతి కూడా సూర్యుడి పండుగే. కాబట్టి సంక్రాంతి వెళ్ళిన మూడు వారాలకు, అంటే ధనిష్ఠ కార్తెకు విత్తనం అని గుర్తు పెట్టుకుంటే ఏ సంవత్సరమైనా తప్పదు. ఆలస్యమైనా ఫిబ్రవరి నెల దాటనివ్వకండి.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టి చూద్దాం. బెండ గింజ పెట్టిన 45 రోజులకు మొదటి కోతకు వస్తుంది. బీర 50, 55 రోజులు తీసుకుంటుంది. సొర, కాకర రెండు నెలలకు అందుకుంటాయి. ఫిబ్రవరి 6న బెండ పెడితే మార్చి నాలుగో వారంలో మొదటి కూర. ఏప్రిలంతా రోజు విడిచి రోజు కోసుకోవచ్చు. అదే 2024లో ఉగాదినాడు, ఏప్రిల్ 9న పెట్టినవాళ్ళకో? 45 రోజులు కలిపితే మే 24. మర్నాడే రోహిణి కార్తె! రోళ్ళు పగిలే ఎండలో పూత నిలబడమంటే ఎలా నిలబడుతుంది చెప్పండి?

పూత ఎందుకు నిలబడదో కూడా తెలుసుకుంటే మంచిది. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్క తగ్గకపోతే టమాటా పుప్పొడి శక్తి పోతుంది. పూలు పూసినట్టే పూసి రాలిపోతాయి. బీర, సొర, దోస వంటి తీగల్లో ఆడపూలు వేరు, మగపూలు వేరు. పూవు వెనకాల బుల్లి పిందె ఉంటే ఆడపూవు, వట్టి కాడ ఉంటే మగపూవు. పగలు పెరిగి, వేడి ముదిరే కొద్దీ తీగకు మగపూలే ఎక్కువ వస్తాయి. ఆ ఏడాది మా పందిరి మీద జరిగింది అదే. బెండకు పట్టింది ఈనె పచ్చ తెగులు. దాన్ని తెల్లదోమ మోస్తుంది. పొడి ఎండల్లో దోమ పెరుగుతుంది. తెగులు పట్టిన మొక్కకు మందు లేదు, పీకేయడమే. తెగులును కొంత తట్టుకునే అర్క అనామిక వంటి రకం అడిగి తెచ్చుకోండి. ముందుగా పెట్టడం మాత్రం అంతకంటే మంచి మందు.

తేదీ ఒక్కటే చూసుకుంటే చాలదు, నేలనూ అడగాలి. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వచ్చింది. ఆ సంస్థ పొలంలో నల్లరేగడీ ఉంది, ఎర్రనేలా ఉంది. మన పెరళ్ళూ అంతే, ఒక వీధిలో ఎరుపు, పక్క వీధిలో నలుపు. ఎర్రమన్ను నీళ్ళు తొందరగా వదిలేసి తొందరగా వెచ్చబడుతుంది. నల్లరేగడి తడిని పట్టుకుని ఆలస్యంగా వెచ్చబడుతుంది. అందుచేత నల్లనేలవాళ్ళు నాలుగైదు రోజులు ఆగినా, లేదా మడిని జానెడు ఎత్తు చేసుకున్నా మంచిది. పొద్దున్నే లేచి వేలు మన్నులోకి దించి చూడండి. చురుక్కుమనే చల్లదనం పోయి, వారం రోజులు వరసగా రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు పైన ఉందంటే గింజకు వేళయినట్టే. తొందరగా ఉన్నవాళ్ళు కాకర, సొర, బీర గింజలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి వంటింట్లో పొయ్యికి కాస్త దూరంగా, వెచ్చని మూలలో ఉంచండి. ముక్కు పగిలాక పెడితే కొన్ని రోజులు కలిసివస్తాయి.

ఇక రెండో లెక్క కుళాయి లెక్క. ఫిబ్రవరిలో ఒక బిందెతో సరిపెట్టుకున్న మడి మే నెలలో రెండు బిందెలు అడుగుతుంది. బోరు అడుగంటి, ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇళ్ళు మన ప్రాంతంలో తక్కువా? మీ ఇంట్లో నీళ్ళు ఏ నెలలో ఇబ్బంది పెడతాయో మీకు తెలుసు. ఆ నెలకు ముందే పంట ముగిసేలా చూసుకోండి. బియ్యం కడిగిన నీళ్ళు నిశ్చింతగా పోయవచ్చు. నీళ్ళ శుద్ధి యంత్రం వదిలే నీళ్ళల్లో ఉప్పు ఎక్కువ, లేతమొక్కలకు పనికిరావు.

మూడో లెక్క ఇంటి లెక్క. దీన్ని ఏ పుస్తకమూ రాయదు. మార్చిలో పిల్లల పరీక్షలు. షిఫ్టు డ్యూటీ మీద మా వారు ఏ వేళకు వస్తారో ఏ వేళకు పోతారో! మే నెలలో పుట్టింటికి ప్రయాణం. మీరు ఇరవై రోజులు ఊళ్ళో లేకపోతే నీళ్ళు పోసేదెవరు? ఫిబ్రవరి మొదట్లో పెట్టుకుంటే పరీక్షలప్పటికి మొక్క నిలదొక్కుకుంటుంది, ప్రయాణం నాటికి కాపు అయిపోవస్తుంది. నాలుగు కాయలు అమ్మకు పట్టుకుపోవచ్చు కూడా.

మన ప్రాంతంవాళ్ళకు ముఖ్యంగా చెప్పవలసిన మాట ఇంకొకటుంది. పెరట్లో కూర పండించుకునేది ఎందుకు? పిల్లలకు శుభ్రమైన తిండి పెట్టాలనే కదా. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి పొలాలు పాడైన సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు–బొల్లారం పేరును చేర్చింది. కనుక వాగు నీళ్ళుగాని, ఫ్యాక్టరీల దిగువనున్న చెరువు ఒండ్రుమట్టిగాని "బలమైన మట్టి" అని తెచ్చి మడిలో పోయకండి. బోరు నీళ్ళకు రంగో వాసనో తేడా ఉంటే కూరలకు వాడకండి. లోహాల వంటివి మట్టిలో ఉంటే ఆకుకూరలు ఎక్కువగా పీల్చుకుంటాయి. కడిగినా, ఉడికించినా అవి పోవు. మామూలు భూసార పరీక్షలో ఇవి తేలవు, ప్రత్యేకంగా అడిగి చేయించాలి. అనుమానం ఉన్నచోట కుండీలలో, సంచులలో శుభ్రమైన మన్ను తెచ్చి నింపి, తాగే కుళాయి నీళ్ళతోనే నాలుగు మొక్కలు పెంచుకోండి. పంట తక్కువైనా మనసుకు నిబ్బరం.

ఏవి ఎప్పుడన్నది క్లుప్తంగా చెబుతాను. టమాటా, వంగ నారు డిసెంబరు చివర, జనవరి మొదట పోసుకుంటే ఫిబ్రవరి మొదటి వారానికి నాటుకోవచ్చు. ధనిష్ఠ కార్తెలో బెండ, బీర, సొర, కాకర, దోస, గోరుచిక్కుడు పెట్టండి. ఇక్కడివాళ్ళు గోకరకాయ అనే ఈ గోరుచిక్కుడు ఎండకు బాగా ఓర్చుకుంటుంది. తోటకూర నెల తిరక్కుండా కోతకు వస్తుంది కనుక పదిహేను రోజులకొక చారెడు చల్లుతూ ఉండండి. గోంగూర, అదే పుంటికూర, బచ్చలి వేసవంతా ఉంటాయి. పాలకూర, కొత్తిమీర మార్చి తరవాత వద్దు, వేడికి ఆకు పెట్టకుండా పూతకు వెళ్ళిపోతాయి.

మార్చి సగం అయ్యేసరికి మొక్కల మొదళ్ళలో ఎండుటాకులు పరవండి. పడమటి వైపు పాత నూలుచీర ఒకటి కట్టండి. నీళ్ళు పొద్దున్నే పోయాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. తేనెటీగలు కనబడకపోతే చీకటిపడే వేళ మగపూవు కోసి, ఆడపూవు మధ్య మెల్లగా అద్దండి. కాకర, గుమ్మడి పూలు తెల్లవారి పూస్తాయి కనుక వాటికి ఆ పని ఉదయమే చేయాలి.

ఫిబ్రవరి దాటిపోయిందా? దిగులు పడకండి. తోటకూర, బచ్చలి, నాలుగు గోకర గింజలతో తృప్తిపడి, మిగిలిన నేలను మే నెలలో తవ్వి ఎండకు వదిలేయండి. ఆ ఎండకు మన్నులోని పురుగు, కలుపు చాలామట్టుకు చస్తాయి. మృగశిర కార్తెలో తొలి వాన పడ్డాక తీగజాతులు మళ్ళీ పెట్టుకోవచ్చు.

ఉగాదినాడు గింజ పెట్టిన నేను ఇప్పుడు ధనిష్ఠకే పెడతాను. పండుగ నాటికి మా బెండ కోతకు వస్తుంది, కాకర తీగ పందిరెక్కి ఉంటుంది. ఆ రోజు విత్తనం పెట్టడంకన్నా, పండుగ భోజనంలోకి మన పెరటి కూర కోసుకోవడంలో ఎక్కువ శుభం ఉందని నాకు తోస్తుంది. మీరూ ఈసారి కాలెండరులో ఫిబ్రవరి 6 చుట్టూ ఓ గీత గీసి పెట్టుకోండి. సెలవు.