సూరత్‌లో బ్యాంకు వేలం: చౌక బేరం వెనుక 15 రోజుల గడువు

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాల కార్మికులకు గదులు అద్దెకిచ్చే భవనాలు ఎక్కువ. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలూ ఆ నగరంలో స్థిరపడ్డాయి. అలాంటి భవనం యజమాని అప్పు తీర్చకపోతే బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద వేలానికి పెడుతుంది. ధర తక్కువగా కనిపించడంతో తొలిసారి పెట్టుబడి పెట్టేవారూ బిడ్ వేస్తుంటారు.

అసలు పరీక్ష గెలిచాకే. ఉదాహరణకు, 80 లక్షలకు పాడుకుంటే ముందుగా కట్టిన ధరావతుతో కలిపి 25 శాతం, అంటే 20 లక్షలు, అదే రోజు లేదా మరుసటి పనిదినానికి చెల్లించాలి. మిగతా 60 లక్షలకు విక్రయం ఖరారయ్యాక 15 రోజులే గడువు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుని పెంచినా మొత్తం మీద 3 నెలలు దాటదు. రుణం ఆలస్యమైతే ఆ 20 లక్షలూ పోయినట్టే. 2024 ఫిబ్రవరిలో సెంట్రల్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జప్తునే సమర్థించింది. కొనుగోలుదారుకు మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఊరటను కొట్టేసింది.

వేలం ‘ఉన్నది ఉన్నట్టుగా’ జరుగుతుంది కాబట్టి పన్ను, కరెంటు బకాయిలు కొత్త యజమాని మెడకు చుట్టుకోవచ్చు. తాకట్టుకు ముందే చట్టబద్ధంగా అద్దెకు దిగినవారిని వెంటనే ఖాళీ చేయించడం కుదరదు. సూరత్‌లో కొన్ని ప్రాంతాలకు కల్లోలిత ప్రాంతాల చట్టం వర్తిస్తుంది. అక్కడ ఆస్తి బదిలీకి కలెక్టరు అనుమతి కావాలి.

అందుకే భవనం చూసి, అద్దె పత్రాలు, బకాయిలు పరిశీలించి, రుణానికి ముందస్తు ఆమోదం చేతికొచ్చాకే ధరావతు కట్టాలి.