తుంపరలో బ్రతుకు కప్ప

ఆఫ్రికా అనగానే మన విద్యార్థులకు సింహములు, ఏనుగులు, ఎడతెగని పచ్చికబయళ్లు జ్ఞప్తికి వచ్చును. ఆ ఖండపు తూర్పు భాగమున, సముద్రము మీదుగా వచ్చిన మబ్బులు తాకి నిలుచు కొండలపై వేరొక ఆఫ్రికా కలదు. అచటి అపురూప ప్రాణులలో పెక్కు అరచేతిలో ఇముడునంతటివి. వానిలో ఒక కప్ప కథ పాఠశాలలలో చెప్పుకొనదగినది.

కెన్యాలోని తైతా కొండలు మొదలుకొని టాంజానియాలోని ఉడ్జుంగ్వా పర్వతముల వరకు, విల్లువలె వంగి, విడివిడిగా నిలిచిన పర్వతములు కొన్ని కలవు. చుట్టునున్న మైదానములు ఎండకు మాడుచుండగా, హిందూ మహాసముద్రపు తేమగాలి ఈ శిఖరములను తడుపుచుండును. జూన్ నెలలో మన దేశమునకు వానలు తెచ్చు నైరుతిగాలియు భూమధ్యరేఖను దాటునపుడు ఈ తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల అంచును ఒరసికొనియే వచ్చును. ఆ విధముగ ఈ సీమ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఒకప్పుడు ఈ అడవులకు పడమటనున్న కాంగో అడవులతో కలయిక యుండెడిదనియు, వాతావరణము ఎండబారిన కొలది నడిమి అడవి నశించి కొండలపై మాత్రము మిగిలినదనియు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అట్లు విడిపోయి లక్షలాది సంవత్సరములు గడచినవి. సముద్రమున ద్వీపములెట్లో, ఎండు మైదానముల నడుమ ఈ కొండలట్లు. ఒక కొండపైనున్న కప్పకు ప్రక్క కొండకు దారి లేదు; దిగి బయలుదేరినచో ఎండకు చచ్చును. కావున పలు కొండలపై ఆ కొండకే చెందిన జాతులు ఏర్పడినవి. ఇంటిపేరు ఒకటే అయినను ఊరికొక శాఖ ఏర్పడినట్లన్నమాట.

ఈ అడవులలో ఏమేమి కలవో నేటికిని పూర్తిగా తెలియదు. 1991లో డెన్మార్కు పరిశోధకులు ఉడ్జుంగ్వా అడవిలో విడిది చేసియుండగా, వంటకుండలో వారికొక జత పక్షికాళ్లు కనబడినవి. చూచుటకు కోడికాళ్లవలె నున్నను, వారెరిగిన ఏ కోడివియు కావు. విచారింపగా అది శాస్త్రమున కంతవరకు తెలియని ఒక కౌజు పిట్ట అని తేలినది. 1994లో దానికి శాస్త్రీయ నామమిడిరి. దాని దగ్గరి చుట్టములు హిమాలయముల నుండి ఆగ్నేయాసియా వరకు గల కొండ అడవులలో నున్నవి. ఆ పక్షి విషయమున వంటకుండ గ్రంథములకంటె ముందుండెను.

ఉత్తరపు కొననున్న తైతా కొండలలో అడవి చాల భాగము పొలములైనది. మిగిలినది కొండకొమ్ములపై ముక్కలు ముక్కలుగా నిలిచినది. ఆ ముక్కలలోనే ‘తైతా అపాలిస్’ అను చిన్న పిట్ట బ్రతుకుచున్నది. ప్రపంచమున మరెచ్చటను లేదు. రెండు అడవిముక్కల నడిమి పొలము కొద్దిపాటిదే అయినను, నీడలో పెరిగిన ఆ పిట్టకు అది దాటరాని ఏరు. దీనికి రైతును నిందించి లాభము లేదు. చుట్టుప్రక్కల వాన బాగుగ కురిసి పంట పండు నేల ఆ కొండలే. కావున అచటి అడవికి సహజమైన చెట్లను తిరిగి నాటి, ముక్కలను కలుపుటయే పిట్టను కాపాడు మార్గమని ఎంచి కొందరు కృషి చేయుచున్నారు.

మనుష్యుని అక్కరయు, మూగప్రాణి అక్కరయు ఎదురుపడు ఈ చిక్కు కిహాన్సి లోయలో మరింత స్పష్టముగ కనబడినది. కిహాన్సి నది ఉడ్జుంగ్వా పర్వతములపై నుండి వరుస జలపాతములై వందలాది మీటర్లు క్రిందికి దుముకును. నీరు బండలపై చిట్లి రేగిన తుంపర గాలితో కలసి, క్రిందనున్న గడ్డిని, నాచును రేయింబవళ్లు తడుపుచుండెడిది. 1996లో ఆ తడినేలపై పసుపువన్నె గల చిన్న గోదురుకప్ప కనబడినది. ఆడుకప్ప నిడివి 3 సెంటీమీటర్లకు మించదు. అది నీటిలో గ్రుడ్లు పెట్టదు. తోకకప్ప దశ తల్లి కడుపులోనే గడచి, 5 మిల్లీమీటర్ల కప్పపిల్లలు పుట్టును. దాని లోకమంతయు సుమారు 2 హెక్టార్లు, అనగా అయిదెకరములు. ఒక ఉన్నత పాఠశాల ఆవరణమంత యన్నమాట.

కప్ప కనబడునప్పటికే ఆ నదిపై ఆనకట్ట పని సాగుచున్నది. ప్రపంచ బ్యాంకు మొదలగువారి ఋణముతో తలపెట్టిన ఆ పథకము 180 మెగావాట్ల జలవిద్యుత్తు కొరకు. విద్యుత్తు చాలని దేశమది. ఆసుపత్రులకు, పాఠశాలలకు, కర్మాగారములకు దీపము కావలెననుట తప్పు కాదు. 2000 నాటికి నదిలో పదింట తొమ్మిది వంతుల నీరు సొరంగములోనికి మరలినది. జలపాతము సన్నగిల్లినది, తుంపర తగ్గినది, తడినేల ఎండసాగినది.

అపుడు రెండు ఉపాయములు పన్నిరి. 2000 చివర 499 కప్పలను పట్టి విమానములో అమెరికాకు పంపిరి. లోయలో గొట్టములు పరచి, ఎగువనుండి తెచ్చిన నీటిని సన్నని తుంపరగ చల్లసాగిరి. కృత్రిమపు తుంపరలో కప్పలు మరల వృద్ధి పొందినవి. 2003 మధ్యకు సుమారు 20,000 ఉన్నవని అంచనా వేసిరి. కాని కొలది నెలలలోనే అవి కుప్పకూలినవి. ప్రపంచమున పెక్కు కప్పజాతులను హరించిన కైట్రిడ్ అను శిలీంధ్రపు తెగులు ఆ లోయలోను కనబడినది. 2004 జనవరిలో వెదకినవారికి కనబడినవి మూడు మాత్రమే. అడవిలో ఈ జాతి నశించినదని 2009లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ప్రకటించెను.

అమెరికాలోను ఆ కప్పలు తేలికగ బ్రతుకలేదు. సరియైన వెలుతురు, ఆహారము తెలియక, రోగములు తగిలి, ఒక దశలో వందకు లోబడినవి. బ్రాంక్స్, టొలీడో జంతుప్రదర్శనశాలలవారు ఓర్పుతో వాని అలవాట్లు నేర్చుకొనినపిమ్మట సంఖ్య వేలకు పెరిగినది. 2010లో 100 కప్పలు తిరిగి టాంజానియా చేరి, దారెస్సలామ్ విశ్వవిద్యాలయమున విడిది చేసినవి. 2012లో లోయలో కప్పలను మరల విడుచుట ప్రారంభమైనది.

ఒక చిన్న కప్ప పోయిన మాత్రమున లోకమునకు వచ్చిన నష్టమేమని విద్యార్థి అడుగవచ్చును. ఆ ప్రశ్నను కసరివేయరాదు. ఆ కప్ప ఎవరికిని పంట పండింపదు. అయినను ఆ లోయలో పుట్టి, ఆ తుంపరకే తగినట్లు మలగిన జాతి వంటిది మరియొకటి ఎవరును చేయలేరు. ఇచట జరిగిన పొరపాటు విద్యుత్తు కోరుటలో లేదు. విద్యుత్తుకు లెక్క వేసిననాడు తుంపరకు ఎవరును వెల కట్టలేదు. ఆ తడినేలను ముందుగ పరిశీలించినవారు లేరు. ఆనకట్ట పని మొదలుకాక పూర్వమే కప్ప సంగతి తెలిసినచో, దాని వంతు నీటిని మొదటనే లెక్కలో వ్రాసియుండవచ్చును.

ఒకప్పుడు ఊరక కురిసిన తుంపరను నేడు గొట్టములతో, కాపలాతో, ఖర్చుతో కురిపింపవలసి వచ్చినది. నది సొరంగమున పారునంత కాలము ఆ గొట్టములు ఆగరాదు.