గాజుతొట్టిలో ఎన్ని చేపలు బ్రదుకును?



నేను లోగడ పనిచేసిన ఒక పాఠశాలలో పిల్లలు ముచ్చటపడి తరగతిగదిలో ఒక గాజుతొట్టి నుంచిరి. దాని పొడవు 2 అడుగులు, వెడల్పు 1 అడుగు, నీటిలోతు 1 అడుగు. మొదట నాలుగు బంగారుచేపలుండెను. పిదప ఒకరిని చూచి ఒకరు చేపలను తెచ్చి విడువగా వాని సంఖ్య ఇరువది దాటెను. నేనును చూచి సంతసించితినే గాని వారింపనైతిని. శనివారము తలుపులు మూసి వెళ్లి సోమవారము వచ్చి చూడగా నీరు తెల్లగా కలకబారి యుండెను. పదునొకండు చేపలు చచ్చి తేలియుండెను. "మేత వేసేం కదా మాస్టారూ! మరెందుకు చచ్చిపోయేయి?" అని ఒక బాలిక కన్నీటితో నడిగెను. ఆనాడు నేను సమాధానము చెప్పలేకపోతిని. తరువాత చదివి తెలిసికొన్నదానిని మీకు చెప్పుచున్నాను.

చేపకు మెదలుటకు చోటున్నంతమాత్రమున చాలదు. అది పీల్చు ప్రాణవాయువు నీటిలో కరగియుండవలెను. అది విడుచు మలినము నీటినుండి తొలగవలెను. ఈ రెండును ఎన్ని చేపలకు జరుగునో అన్నియే ఆ తొట్టిలో బ్రదుకును.

మొదట ప్రాణవాయువు సంగతి చూతము. అది నీటి పైభాగమున గాలి తగులుచోటనే లోనికి ప్రవేశించును. కావున లోతైన సన్నని కూజాకంటె, అంతే నీరు పట్టు వెడల్పైన తొట్టిలో ఎక్కువ చేపలు సుఖముగా నుండును. మరియు నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువు తక్కువగా కరగును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగగా, 30 డిగ్రీలలో 7.5 మిల్లీగ్రాములే కరగును. వేడిలో చేపకు కావలసినది మాత్రము పెరుగును. మన బరంపురపు వేసవిలో ఈ విషయము మరువరాదు.

ఇక మలినము. చేప విసర్జించునదియు, తినక మిగిల్చిన మేత కుళ్లినదియు అమ్మోనియా అను విషమగును. ఇసుకలోను రాళ్లపైనను పెరుగు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చును. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు చాలినంతగా వృద్ధిపొందుటకు సుమారు 4 మొదలు 6 వారములు పట్టును. అందుచేత చేపల నన్నిటిని ఒక్కనాడే విడువరాదు.

ఈ సమతూకమును లోకమునకు తెలిపినవారిలో ఇంగ్లాండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ముఖ్యుడు. సుమారు 12 గాలన్లు పట్టు గాజుపాత్రలో ఆయన నీటిమొక్కలను నాటి, రెండే చిన్న బంగారుచేపలను విడిచెను. కుళ్లిన ఆకులు నీటిని చెరచుచుండగా, వానిని తినుటకు నత్తలను చేర్చెను. ఈ ప్రయోగమును 1850లో ప్రకటించెను. పన్నెండు గాలన్లనగా సుమారు 54 లీటర్లు. మా పాఠశాల తొట్టియు నించుమించుగా అంతే. ఆయన రెండు చేపలుంచినచోట మేము ఇరువదికి పైగా ఉంచితిమి!

ఇప్పుడు లెక్క కట్టుదము. మా తొట్టి నీటి పైభాగము 24 × 12 = 288 చదరపు అంగుళములు. వేడినీటి చిన్నచేపలకు, తోక విడిచి, అంగుళము పొడవునకు 12 చదరపు అంగుళములు కావలెనని పెంపకందార్లు పాటించు లెక్క యొకటి కలదు. 288ని 12చే భాగింప 24 అంగుళములు వచ్చును. అనగా రెండంగుళముల చేపలు పన్నెండు. బంగారుచేప ఎక్కువ ప్రాణవాయువు పీల్చును, ఎక్కువ మలినము విడుచును గనుక దానికి అంగుళమునకు 30 చొప్పున లెక్కింతురు. అపుడు 9.6 అంగుళములే వచ్చును. బంగారుచేప ఆరంగుళములకు మించియు పెరుగగలదు. కావున పెరిగిన పిమ్మట ఆ తొట్టిలో ఒక్కటే సుఖముగా నుండును.

ఈ లెక్క చిన్నచేపలకే చెల్లును. చేప పొడవు రెట్టింపైనచో బరువు సుమారు ఎనిమిది రెట్లగును. అంగుళపు చేపలు పదియు, పదంగుళముల చేప యొకటియు సమానము కావు. గప్పీ చేపలు ఇంచుమించు నెలకొకసారి పిల్లలను పెట్టును గనుక వానిని లెక్కకు సగమే తెచ్చుట మేలు.

"గాలిబుడగల యంత్రము పెట్టినచో మరికొన్ని పట్టవా?" అని మీరడుగవచ్చును. పట్టును, విద్యుత్తు ఉన్నంతవరకు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు మన యూరిలో దినములతరబడి విద్యుత్తు లేకపోయెను. యంత్రము ఆగినను బ్రదుకగలిగినన్ని చేపలనే ఉంచవలెను. నీటిమొక్కలు సయితము పగలు వెలుతురులో ప్రాణవాయువు నిచ్చినను, రాత్రి తామే దానిని పీల్చును. చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట మీలో కొందరు చూచియే యుందురు.

తలిదండ్రులకొక మనవి. చేపను కొనునపుడు దాని వెలతోబాటు అది ఎంత పెరుగునో కూడ అడుగుడు. వారమునకొకసారి నాల్గవవంతు నీరు మార్చుడు; కుళాయినీటిని ఒక దినము వెడల్పుపాత్రలో నిలువయుంచి పోయుడు. కొద్దినిమిషములలో తినగలిగినంత మేతనే వేయుడు.

ఆ బాలికకు నేనీయవలసిన సమాధానమిది: అమ్మా, మనము మేత వేసితిమి గాని, ఊపిరి లెక్కింపలేదు.