మంచులో ఆగిపోయే వైపర్: వాతావరణం తప్పా, వాహనంలో లోపమా?

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం రహదారుల మీద ఉప్పు చల్లుతారు. ముందు పోతున్న లారీ చక్రాలు ఆ ఉప్పు, మట్టి కలిసిన మంచు బురదను మన కారు అద్దం మీదకు ఎగజిమ్మాయనుకోండి. ఆ క్షణంలో వైపర్ కదలకపోతే డ్రైవరు రెండు సెకన్లలో 55 మీటర్లకు పైగా ఏమీ కనబడకుండానే ప్రయాణిస్తాడు. బ్రేకులు, స్టీరింగుతో పోలిస్తే వైపర్ చిన్న వస్తువే. అయినా దాని వైఫల్యాన్ని ప్రభుత్వం భద్రతా సమస్యగా పరిగణించి దర్యాప్తు చేయడానికి కారణం ఇదే.

అసలు వైపర్ పుట్టుకే మంచుతో ముడిపడింది. అలబామా వాసి మేరీ ఆండర్సన్ ఒక చలికాలంలో న్యూయార్క్ వెళ్లినప్పుడు, అద్దం మీది మంచు వల్ల ట్రామ్ డ్రైవరు పడుతున్న అవస్థ చూసి, లోపలి నుంచే తిప్పగల తుడుపు కర్రను ఆలోచించింది. ఆమెకు 1903లో పేటెంటు లభించింది.

వైపర్ ఎందుకు ఆగిపోతుంది?

మనం చూసేది బయటి రబ్బరు బ్లేడు, దాన్ని పట్టుకున్న చేయి మాత్రమే. బానెట్ వెనుక ఒక చిన్న మోటారు, దాని నుంచి రెండు చేతులకూ బలాన్ని అందించే కడ్డీలు, ఆ కడ్డీలను కలిపే బంతి కీళ్లు ఉంటాయి. మన భుజంలో గుండ్రని ఎముక తల గుంటలో తిరిగినట్లే ఇక్కడ లోహపు బంతి ఒక గిన్నెలో తిరుగుతుంది.

మంచు ఈ ఏర్పాటును రెండు విధాల దెబ్బతీస్తుంది. మొదటిది అప్పటికప్పుడు జరిగేది. బ్లేడు అద్దానికి గడ్డకట్టి అతుక్కుపోయినప్పుడు, లేదా అద్దం అడుగున మంచు పేరుకున్నప్పుడు స్విచ్ వేస్తే మోటారు తిప్పడానికి ప్రయత్నిస్తుంది గాని చేయి కదలదు. ఆ బలమంతా వ్యవస్థలో ఏ భాగం బలహీనంగా ఉంటే అక్కడ పడుతుంది. కీలు ఊడవచ్చు, చేయి బిగింపు జారవచ్చు, మోటారు వేడెక్కవచ్చు. రెండవది నెమ్మదిగా, కంటికి కనబడకుండా జరిగేది. ఉప్పునీరు కీలులోకి చేరి తుప్పు పట్టిస్తుంది. తుప్పు వల్ల గిన్నె అరుగుతుంది. చివరకు ఒకరోజు బంతి గిన్నెలోంచి బయటకు వచ్చేస్తుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, వైపర్ మాత్రం కదలదు. నా ఉద్దేశంలో ఈ రెండవదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే తుప్పు పట్టేది ఒక చలికాలంలో, కీలు ఊడేది మరో ఏడాది వర్షంలో కావచ్చు.

దర్యాప్తు ఎవరు చేస్తారు?

అమెరికాలో వాహన భద్రతకు మూలం 1966 నాటి జాతీయ ట్రాఫిక్, మోటారు వాహన భద్రతా చట్టం. దాన్ని అమలు చేసేది నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్. అందులోని లోపాల దర్యాప్తు విభాగం యజమానుల ఫిర్యాదులను వడపోస్తుంది. ఒకే నమూనా కార్లలో ఒకే రకం వైఫల్యం కనబడితే ప్రాథమిక పరిశీలన మొదలుపెట్టి, తయారీదారు దగ్గరున్న వారంటీ వివరాలు, పరీక్షల సమాచారం అడుగుతుంది. అనుమానం బలపడితే ఇంజనీరింగ్ విశ్లేషణకు వెళుతుంది. చాలా సందర్భాల్లో తుది ఉత్తర్వు దాకా రాకముందే కంపెనీలే రీకాల్ ప్రకటిస్తాయి.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడే అంశం ఒకటుంది. వైపర్లకు 104వ సంఖ్య గల సమాఖ్య భద్రతా ప్రమాణం ఉంది. దాని ప్రకారం వైపర్‌కు కనీసం రెండు వేగాలుండాలి. వాటిలో ఒకటి నిమిషానికి 45 సార్లకు తగ్గకూడదు. అయితే ఈ ప్రమాణాన్ని నెగ్గినంత మాత్రాన కారులో లోపం లేదని చెప్పలేం. ప్రమాణాన్ని పాటించకపోవడం వేరు, భద్రతా లోపం వేరు. చట్టం ఈ రెండింటినీ విడివిడిగా చూస్తుంది.

మంచును నిందించి తప్పించుకోవచ్చా?

గడ్డకట్టిన అద్దం మీద వైపర్ వేయడం డ్రైవరు తప్పే కదా అని తరగతిలో ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వైపర్ల కేసులో కాదు, ట్రక్కు చక్రాల కేసులో దొరుకుతుంది. జనరల్ మోటార్స్ ట్రక్కుల చక్రాలు విరిగిపోవడంపై 1975లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు తీర్పు ఇచ్చింది. యజమానులు ట్రక్కుల్లో మోయదగినదానికన్నా ఎక్కువ బరువు వేశారని కంపెనీ వాదించింది. చెప్పుకోదగ్గ సంఖ్యలో వైఫల్యాలు జరిగితే అది లోపమేనని, యజమానులు మామూలుగా చేస్తారని ముందే ఊహించగల దుర్వినియోగం వల్ల కలిగే వైఫల్యాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయని కోర్టు చెప్పింది. వయసు మీరి సహజంగా అరిగిపోవడాన్ని మాత్రం మినహాయించింది.

దీన్ని వైపర్‌కు అన్వయించి చూడండి. మంచు కురిసే దేశంలో అమ్మే కారుకు మంచు ఊహించని పరిస్థితి కాదు. తొందరలో ఉన్న మనిషి అద్దం పూర్తిగా గీకకుండానే స్విచ్ వేయడమూ ఊహించలేనిది కాదు. కాబట్టి "మంచు పడింది" అన్నంత మాత్రాన కంపెనీ బాధ్యత తీరిపోదు. రబ్బరు బ్లేడు అరిగితే అది యజమాని మార్చుకోవలసిందే. లోపల దాగి ఉన్న కీలు తుప్పుపట్టి ఊడటాన్ని ఆ కోవలో చేర్చడం కష్టం.

2016లో జనరల్ మోటార్స్ 2013 నమూనా షెవర్లే ఈక్వినాక్స్, జి.ఎం.సి. టెరైన్ వాహనాలను 3 లక్షల 60 వేలకు పైగా వెనక్కి పిలిచింది. కారణం బంతి కీళ్ల తుప్పే. అంతటితో కథ ముగియలేదు. అదే తరహా ఫిర్యాదులు రావడంతో 2019లో ప్రభుత్వ సంస్థ 2010 నుంచి 2016 దాకా తయారైన దాదాపు 17 లక్షల వాహనాలపై పరిశీలన ప్రారంభించింది. రీకాల్ చేసిన ఏడాది సరిహద్దు సరైనదేనా అన్నది ఇలాంటి దర్యాప్తులలో ముఖ్యమైన ప్రశ్న.

మన చట్టంతో పోలిక

భారతదేశంలో 2019 సవరణ ద్వారా మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ చేరి, రీకాల్‌ను ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. ఏ మేరకు యజమానులు ఫిర్యాదు చేస్తే రీకాల్ అన్నదానికి మన పద్ధతిలో నిర్ణీత శాతాలున్నాయి. అమెరికా కోర్టు అలాంటి అంకె ఏదీ పెట్టలేదు; సందర్భాన్ని బట్టి తేల్చాలంది. శాతం ఉంటే స్పష్టత ఉంటుంది. కాని ఫిర్యాదు చేసే అలవాటు లేని సమాజంలో ఆ శాతం నిండటానికి ఎన్నాళ్లు పడుతుందో ఆలోచించండి.

చదువు కోసం అమెరికా వెళ్లే మన పిల్లలు మొదట కొనేది సాధారణంగా పాత కారే. మరమ్మతు కాని రీకాల్ ఉన్న పాత కారును డీలరు అమ్మకూడదన్న సమాఖ్య నిషేధం అక్కడ లేదు. కారు మీద ఉండే 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్యతో పెండింగు రీకాల్‌లను ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. సాధారణంగా 15 ఏళ్లు దాటని వాహనానికి రీకాల్ మరమ్మతు కూడా ఉచితమే.

అభ్యాసం: రాత్రంతా మంచు కురిసిన తరువాత ఒక యజమాని అద్దం గీకకుండా స్విచ్ వేయగా వైపర్ చేయి ఊడిపోయింది. అది రెండేళ్ల కారు. ఆ నమూనాపై ఇలాంటివే మరో 40 ఫిర్యాదులున్నాయి. 1975 తీర్పు ఆధారంగా యజమాని తరఫున ఒక వాదన, కంపెనీ తరఫున ఒక వాదన పది వాక్యాలకు మించకుండా రాయండి.