బండి ఎందుకు ‘ఢాం’ అంటుంది?

మిట్ట ఎక్కుతున్న పాత పెట్రోలు బండి ఉన్నట్టుండి ‘ఢాం’ అనడం మీరెప్పుడైనా విన్నారా? టైరు పేలిందేమోనని అందరూ ఉలిక్కిపడతారు. చూస్తే టైర్లన్నీ బాగానే ఉంటాయి! నిజానికి పేలింది పెట్రోలు ఆవిరి. అదీ పేలకూడని చోట. మెకానిక్కులు దీన్ని ‘బ్యాక్‌ఫైర్’ అంటారు. నాడి చూసి జ్వరం కనిపెట్టినట్టు, ఈ చప్పుడును బట్టి ఇంజన్ జబ్బు కనిపెట్టవచ్చు. ఎలాగో చూద్దాం.

అమెరికాలో విల్లీస్ కంపెనీ 1947లో జీపు నమూనా మీద ఒక పికప్ ట్రక్కు తయారుచేసింది. దానికి నాలుగు సిలిండర్ల ఇంజన్. ప్రతి సిలిండర్లోనూ పిస్టన్ వరుసగా నాలుగు పనులు చేస్తుంది. పెట్రోలు కలిసిన గాలిని పీలుస్తుంది, దాన్ని నొక్కుతుంది, అది మండగానే ఆ తోపుకు కిందికి దిగుతుంది, చివరకు పొగను బయటికి నెడుతుంది. గాలి వచ్చే దారికి ఒక కవాటం, పొగ పోయే దారికి ఒక కవాటం ఉంటాయి. మంట అంటుకునే సమయానికి రెండూ గట్టిగా మూసుకుని ఉండాలి. కిటుకంతా ఇక్కడే ఉంది!

గాలిని, పెట్రోలును కలిపేది కార్బురేటర్. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 15 గ్రాముల గాలి కావాలి. మంట అంటించేది స్పార్క్ ప్లగ్గు. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కొక్క ప్లగ్గు సెకనుకు 25 సార్లు రవ్వ వేయాలి. రెండు చుట్లకు ఒక రవ్వ చొప్పున లెక్క వేసి చూడండి.

ఇక పరీక్ష మొదలుపెడదాం. చప్పుడు ఎటునుంచి వస్తోంది?

కార్బురేటర్ నుంచి వస్తే, పెట్రోలు చాలడం లేదేమోనని ముందుగా అనుమానించాలి. పెట్రోలు తగ్గితే మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. పొగ పోయాక కూడా మంట మిగిలి ఉంటుంది. ఇంతలో గాలి కవాటం తెరుచుకుంటే మంట వెనక్కు, కార్బురేటర్‌లోకి పాకుతుంది. చోక్ కొంచెం లాగితే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. అప్పుడు చప్పుడు ఆగితే మన అనుమానం నిజమే. జెట్‌లో నలక పడిందా, కార్బురేటర్ కింది ప్యాకింగు గుండా గాలి దూరుతోందా అని వెతకాలి.

సైలెన్సర్ నుంచి వస్తే, మండని పెట్రోలు పొగగొట్టంలోకి చేరి అక్కడ అంటుకుంటోందన్నమాట. ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే మంచిదే. నల్లని పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. పెట్రోలుతో తడిసి ఉంటే ఆ ప్లగ్గు రవ్వ వేయడం లేదనుకోవచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడే పేలుతుంటే పొగగొట్టం అతుకుల్లో గాలి దూరుతోందేమో చూడాలి.

రెండు వైపులా పేలుతుంటే? ఈ ఇంజన్లో రవ్వ పడే వరుస 1-3-4-2. ప్లగ్గులు మార్చేటప్పుడు 1, 3 తీగలు తారుమారయ్యాయనుకోండి. మూడో సిలిండర్‌లో గాలి కవాటం ఇంకా మూసుకోకముందే రవ్వ పడుతుంది. మొదటి దానిలో పొగ కవాటం తెరుచుకునే వేళకు పడుతుంది. ఇక రెండు పక్కలా మోతే! తీగలు సరిగానే ఉంటే రవ్వ పడే సమయం, ఆ తరువాత కవాటాలు చూడాలి.

ఒకేసారి రెండు మూడు మార్పులు చేయకూడదు. చేస్తే చప్పుడు ఆగినా, దేనివల్ల ఆగిందో తెలియదు. ప్రయోగశాలలోనూ ఇదే నియమం.

మరొక్క మాట. బండి కదలనప్పుడు కొందరు ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ నోట్లో సీసాతో పెట్రోలు పోస్తారు. అప్పుడు బ్యాక్‌ఫైర్ అయితే మంట నేరుగా సీసాకు, ముఖానికి అంటుకుంటుంది. మంటను లోపలే ఆపడానికి ఫిల్టర్ కొంత అడ్డుగా ఉంటుంది. దాన్ని తీసేస్తే ఆ అడ్డు కూడా పోతుంది. ఎవరైనా అలా చేయబోతే మీరు దూరంగా నిలబడండి. ఎందుకు వద్దో వారికీ చెప్పండి.