భాగం 7: కుక్కపిల్ల వస్తువులు కొరకడం, మింగడం – కారణాలు, నివారణ

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 కుక్కపిల్ల ఎందుకు కొరుకుతుంది?
7.3 కొరకడం మింగడంగా ఎలా మారుతుంది?
7.4 ఇంట్లోని ప్రమాదకర వస్తువులు
7.5 నివారణ: మూడు మెట్లు
7.6 మింగినప్పుడు ఏం చేయాలి?
7.7 సారాంశం
7.8 ముఖ్య పదాలు
7.9 నమూనా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- కుక్కపిల్ల కొరికే ప్రవర్తనను దంతాల పెరుగుదల ఆధారంగా వివరించగలుగుతారు.
- ఫలిత నియమాన్ని ఈ ప్రవర్తనకు అన్వయించగలుగుతారు.
- నోట్లోని వస్తువును వదిలేలా పిల్లకు శిక్షణ ఇచ్చే క్రమాన్ని చెప్పగలుగుతారు.
- పేగుల్లో అడ్డంకి లక్షణాలను గుర్తించి తగిన చర్య తీసుకోగలుగుతారు.

7.1 పరిచయం

జనగామ జిల్లా జఫర్‌గఢ్ మండలం వంటి వరి, పత్తి, మొక్కజొన్న పండే ప్రాంతాల్లో కుక్క ఇంటికీ పొలానికీ గొర్రెల మందకూ కాపలా ఉంటుంది. పిల్లను తెచ్చుకున్న కొద్ది వారాలకే ఇంట్లో ఫిర్యాదులు మొదలవుతాయి. చెప్పు కొరికింది, చార్జర్ వైరు తెంపింది, పిల్లవాడి సాక్సు మింగేసింది అంటారు. "నాలుగు తగిలిస్తే అదే మానుతుంది" అనే సలహా కూడా వెంటనే వస్తుంది.

చెప్పు పోతే మరో జత కొనుక్కోవచ్చు. మింగిన వస్తువు పేగులో అడ్డుపడితే మాత్రం కొద్ది రోజుల్లోనే పిల్ల ప్రాణం పోవచ్చు. కాబట్టి కొరకడాన్నీ మింగడాన్నీ వేరుచేసి చూడాలి. కొరకడం సహజం. దాన్ని పూర్తిగా ఆపలేం, తగిన వస్తువు మీదికి మళ్లించగలం. మింగడం ప్రమాదం, దాన్ని ఆపాలి. చాలా ఇళ్లలో కొరికే పిల్లను మింగే పిల్లగా మార్చేది మనం దాని నోట్లోంచి వస్తువును లాక్కునే తీరే.

7.2 కుక్కపిల్ల ఎందుకు కొరుకుతుంది?

(అ) దంతాలు: కుక్కపిల్లకు మూడో వారం నుంచి పాలపళ్లు వస్తాయి. ఇవి మొత్తం 28. సుమారు నాలుగో నెల నుంచి ఏడో నెల లోపు ఇవి ఊడి 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ కాలంలో చిగుళ్లు సలుపుతాయి. ఏదైనా నమిలితే ఉపశమనం కలుగుతుంది.

(ఆ) అన్వేషణ: పసిబిడ్డ చేతితో తెలుసుకునేదాన్ని కుక్కపిల్ల నోటితో తెలుసుకుంటుంది. మన వాసన ఎక్కువగా ఉండే చెప్పులు, సాక్సులు, తువ్వాళ్లు దానికి మరింత ఆసక్తి కలిగిస్తాయి.

(ఇ) విసుగు: రోజంతా గొలుసుతో కట్టేసిన పిల్లకు అందుబాటులో ఉన్నదే ఆటవస్తువు.

(ఈ) ఆకలి, అనారోగ్యం: కడుపులో పురుగులు, పోషకాహార లోపం, జీర్ణ సమస్యలు ఉన్నప్పుడు మట్టి, గుడ్డ, ప్లాస్టిక్ వంటి ఆహారం కాని వాటిని పదేపదే తినవచ్చు. దీన్ని పైకా అంటారు. దంతాలు వచ్చేసిన తరవాత కూడా ఈ అలవాటు కొనసాగితే పశువైద్యునికి చూపించాలి.

7.3 కొరకడం మింగడంగా ఎలా మారుతుంది?

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ 1898లో పిల్లులను చిక్కుపెట్టెల్లో ఉంచి చేసిన ప్రయోగాలను ప్రచురించాడు. తృప్తినిచ్చే ఫలితం వచ్చిన చర్య మళ్లీ జరిగే అవకాశం పెరుగుతుందని ఆయన చెప్పాడు. ఇదే ఫలిత నియమం. తరవాత స్కిన్నర్ దీన్ని విస్తరించి పునర్బలనం అనే భావనకు ప్రాధాన్యం ఇచ్చాడు.

దీన్ని మన ఇంటికి అన్వయించి చూడండి. పిల్ల సాక్సు నోట కరుచుకుంది. ఇంట్లో వాళ్లందరూ అరుస్తూ వెంటపడ్డారు. పిల్ల దృష్టిలో ఇది మంచి ఆట. సాక్సు పట్టుకుంటే అందరూ తనతో పరుగెత్తుతారని అది నేర్చుకుంటుంది. అంటే వెంటపడటం పునర్బలనంగా పనిచేసింది.

చివరికి దొరకబుచ్చుకుని, దవడలు విడదీసి సాక్సు లాక్కున్నారు, రెండు దెబ్బలు కూడా వేశారు. అప్పుడు పిల్ల నేర్చుకునేది వేరు. మనిషి దగ్గరికి వస్తే వస్తువు పోతుందని, దెబ్బ పడుతుందని దానికి అర్థమవుతుంది. మరోసారి మనిషిని చూడగానే మంచం కిందికి దూరుతుంది, లేదా వస్తువును గబుక్కున మింగేస్తుంది. గంట తరవాత చిరిగిన చెప్పు చూపించి కొట్టినా ప్రయోజనం లేదు, అప్పటి పనికీ ఇప్పటి దెబ్బకూ అది సంబంధం కలపలేదు. పైగా జంతువులను కొట్టి హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
1. కుక్కకు శాశ్వత దంతాలు ఎన్ని?
2. వస్తువు కరుచుకున్న పిల్ల వెంటపడటం ఎందుకు పొరపాటు?

7.4 ఇంట్లోని ప్రమాదకర వస్తువులు

అడ్డుపడేవి: గింజలు ఒలిచిన మొక్కజొన్న బెండు, మామిడి టెంక, సాక్సు, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ కవర్లు. మొక్కజొన్న బెండు జీర్ణం కాదు. కడుపులో కొన్ని రోజులు మౌనంగా ఉండి, తరవాత పేగులోకి జారి అడ్డుపడవచ్చు.

దారం వంటివి: కుట్టుదారం, పూలదండ దారం, బస్తా పురికొస. దారం ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే, నాడా లాగిన లంగాలా పేగు కుచ్చులు పడుతుంది. బిగిసిన దారం పేగు గోడను కోసేయవచ్చు.

గుచ్చుకునేవి: సూదులు, ఉడికించిన కోడి ఎముకలు, గాజు పెంకులు.

విషపూరితమైనవి: ఎలుకల మందు, పురుగుమందు పట్టించిన పత్తి విత్తనాలు, పురుగుమందు డబ్బాలు, బీడీలు, పొగాకు, నొప్పి మాత్రలు, బటన్ బ్యాటరీలు. ధాన్యం నిల్వ ఉన్న ఇళ్లలో వాడే జింక్ ఫాస్ఫైడ్ ఎలుకల మందు కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తుంది. అది తిన్న పిల్లకు అన్నం పెడితే ఆమ్లం ఇంకా పెరుగుతుంది. వాంతి నుంచి వచ్చే వాయువు మనుషులకూ ప్రమాదమే కనుక గాలి ఆడే చోట ఉంచాలి.

7.5 నివారణ: మూడు మెట్లు

మొదటి మెట్టు – అందకుండా చేయడం: నేల మీద కూర్చుని పిల్ల ఎత్తు నుంచి గదిని ఒకసారి చూడండి. చెప్పులు అటక మీదికి, మందులు తాళం వేసిన పెట్టెలోకి, చెత్త మూత ఉన్న డబ్బాలోకి వెళ్లాలి. ఎవరూ గమనించలేని సమయంలో పిల్లను నీడ, నీళ్లు ఉన్న చిన్న ఆవరణలో ఉంచాలి. రోజంతా గొలుసుతో కట్టేయడం దీనికి బదులు కాదు.

రెండో మెట్టు – తగిన వస్తువు ఇవ్వడం: నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దది, బొటనవేలి గోటితో నొక్కితే కొద్దిగా నొక్కుపడేంత మెత్తనిది అయిన రబ్బరు బొమ్మ మంచిది. మరీ గట్టిదైతే పళ్లు విరుగుతాయి. మన కళ్ల ముందు పెద్ద క్యారెట్ కూడా ఇవ్వవచ్చు. ముక్కలుగా ఊడుతున్న బొమ్మను వెంటనే తీసేయాలి. పాత చెప్పు ఇవ్వకూడదు, ఎందుకంటే పాత చెప్పుకూ కొత్త చెప్పుకూ తేడా పిల్లకు తెలియదు. వస్తువులకు కారం పూయడం కూడా సరికాదు. అది నోటికీ కళ్లకూ బాధ కలిగిస్తుందే తప్ప ఏది కొరకాలో నేర్పదు.

మూడో మెట్టు – "వదులు" అనే మాట నేర్పడం:
1. పిల్లకు దాని బొమ్మను ఇవ్వండి.
2. ఉడికించిన గుడ్డు ముక్క వంటి ఇష్టమైన తిండిని ముక్కు దగ్గర పెట్టండి.
3. తిండి కోసం నోరు తెరవగానే "వదులు" అని, తిండి ఇవ్వండి.
4. వెంటనే బొమ్మను తిరిగి ఇచ్చేయండి. వదిలినా నష్టం లేదని పిల్ల నేర్చుకునేది ఈ మెట్టులోనే.
5. రోజుకు మూడు నాలుగుసార్లు, రెండేసి నిమిషాలు చేయండి. కొన్ని రోజుల తరవాత ముందు మాట చెప్పి, వదిలాక తిండి చూపండి.

ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు "వదులు" అని, మరొకరు "ఇడువు" అంటే పిల్ల తికమకపడుతుంది. ప్రమాదకరమైన వస్తువు నోట ఉన్నప్పుడు కూడా వెంటపడకుండా ఇదే మార్పిడి చేయాలి.

7.6 మింగినప్పుడు ఏం చేయాలి?

అడ్డంకి లక్షణాలు: పదేపదే వాంతులు, తిండి మానేయడం, నీరసం, పొట్ట ముట్టుకుంటే మూలగడం, విరేచనం కాకపోవడం లేదా ముక్కడం.

చేయవలసినవి: ఏం మింగింది, ఎంత, ఎప్పుడు అనేది రాసుకోండి. మిగిలిన ముక్కనూ మందు ప్యాకెట్‌నూ వెంట తీసుకుని వెంటనే పశువైద్యశాలకు వెళ్లండి. తొలి రెండు మూడు గంటల్లోనే వెళ్తే కొన్ని వస్తువులను వైద్యుడు వాంతి చేయించి తీయగలుగుతారు. ఆలస్యమైతే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఎక్స్‌రేలో లోహం, ఎముక కనిపిస్తాయి, గుడ్డ, ప్లాస్టిక్ కనిపించకపోవచ్చు. అందుకే మీరు చెప్పే వివరమే వైద్యునికి ఆధారం. జఫర్‌గఢ్ పరిసరాల వారికి వరంగల్ దగ్గరి మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది.

చేయకూడనివి: ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు, ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుంది. సూది, గాజు, కిరోసిన్, బ్యాటరీ మింగినప్పుడు వాంతి మరింత హాని చేస్తుంది. నోటి నుంచి గాని, మలద్వారం నుంచి గాని వేలాడుతున్న దారాన్ని లాగకూడదు.

గమనిక: నోట్లోంచి వస్తువు తీసేటప్పుడు పిల్ల పన్ను గుచ్చుకుంటే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
ఒక ఊహాత్మక సందర్భం: ఐదు నెలల పిల్ల నిన్న మొక్కజొన్న బెండు ముక్క మింగింది. నిన్న ఒకసారి వాంతి చేసుకుని, ఈ రోజు మామూలుగా ఆడుతోంది. ప్రమాదం తప్పినట్లేనా? మూడు వాక్యాల్లో రాయండి.

7.7 సారాంశం

కొరకడం కుక్కపిల్ల పెరుగుదలలో ఒక దశ. వెంటపడటం, లాక్కోవడం, కొట్టడం వల్ల వస్తువును దాచడం, గబుక్కున మింగడం నేర్చుకుంటుంది. వస్తువులను అందకుండా ఉంచడం, తగిన బొమ్మ ఇవ్వడం, మార్పిడి ద్వారా వదలడం నేర్పడం సరైన మార్గం. మింగిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి.

7.8 ముఖ్య పదాలు

పైకా: ఆహారం కాని పదార్థాలను పదేపదే తినే స్థితి.
పునర్బలనం: ఒక చర్య మళ్లీ జరిగే అవకాశాన్ని పెంచే ఫలితం.
బాహ్య వస్తువు: జీర్ణవ్యవస్థలో చేరిన, ఆహారం కాని వస్తువు.

7.9 నమూనా ప్రశ్నలు

I. పది వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. కుక్కపిల్ల కొరికే ప్రవర్తనకు కారణాలను వివరించండి.
2. "వదులు" శిక్షణలోని మెట్లను ఫలిత నియమంతో సమన్వయించి చర్చించండి.

II. ఐదు వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. దారం మింగడం ఎందుకు ప్రత్యేకంగా ప్రమాదకరం?
2. మీ ఇంట్లో పిల్ల ఎత్తులో ఉన్న ఐదు ప్రమాదకర వస్తువులను గుర్తించి, వాటిని ఎక్కడికి మార్చాలో రాయండి.