లలితగీత ధ్వనిముద్రణలో గ్రాండ్ పియానో నమూనా వాద్యాల ఎంపిక: ప్రమాణాలు

1. ఉపోద్ఘాతం

1700 ప్రాంతంలో ఇటలీలో బార్తొలొమెయో క్రిస్టోఫోరి రూపొందించిన పియానో నేడు సాఫ్ట్‌వేర్ వాద్యంగా చిన్న గదిలోని ధ్వనిముద్రణకు సైతం అందుబాటులోకి వచ్చింది. లలితగీతాలను, పద్యాలను బోధన కోసం ముద్రించుకొనే అధ్యాపకులకూ దీని ఎంపిక ఒక సమస్యే. తరగతి కోసం ముద్రించిన ఒక పద్యంలో పియానో నాదం కింద మహాప్రాణాలు మరుగుపడగా, విద్యార్థులు వాటిని అల్పప్రాణాలుగా రాసుకొన్న అనుభవం ఈ వ్యాసకర్తకు ఉంది. ఎక్కువ గిగాబైట్లు గల వాద్యమే మేలైనదనే భావనను పరిశీలించి, రచనలో పియానో నిర్వహించే పాత్రే ఎంపికకు తొలి ప్రమాణమని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. నమూనా వాద్య నిర్మాణం

నిజమైన పియానో మెట్లను మెల్లగా మొదలుకొని గట్టిగా నొక్కేవరకు పలు స్థాయిల్లో ముద్రించిన శబ్దాలే నమూనాలు (శాంపిల్స్). వాదకుడు మెట్టును నొక్కిన వేగాన్ని మిడి విధానం 1 నుండి 127 వరకు గల సంఖ్యగా తెలుపుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్యకు తగిన నమూనాను పలికిస్తుంది. ఉచితంగా లభించే సాలమాండర్ గ్రాండ్ పియానోను యమహా సి5 నుండి 16 స్థాయిల్లో తీశారు. అయితే ప్రతి మెట్టునూ ముద్రించక, మూడేసి స్వరస్థానాలకు ఒకటి చొప్పున తీసుకొన్నారు. నడిమి స్వరాలు శ్రుతి మార్పుతో ఏర్పడతాయి.

3. పరిమాణం – నాణ్యత

88 మెట్లను 16 స్థాయిల్లో ముద్రిస్తే 1,408 నమూనాలవుతాయి. ఒక్కొక్కటి 20 సెకన్ల నిడివితో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోలో ఉంటే కుదింపు లేకుండా సుమారు 8.1 గిగాబైట్లు అవసరం. అదే వాదనాన్ని మూడు మైక్రోఫోన్ స్థానాల నుండి ముద్రిస్తే 24 గిగాబైట్లు దాటుతుంది. స్థాయిలు మాత్రం 16గానే ఉంటాయి. ఇక్కడ పెరిగింది శ్రోత ఎంత దూరం నుండి వింటున్నట్లుండాలో నిర్ణయించుకొనే వీలే కాని, వాదకుని వేళ్లకు అందే సూక్ష్మత కాదు.

4. పాత్రానుగుణమైన ఎంపిక

ఏకాకి వాదనంలో పియానోయే సర్వస్వం. అక్కడ మంద్రస్వరాల గాంభీర్యం, పెడల్ నొక్కినప్పుడు ఇతర తంత్రులు ఇచ్చే అనునాదం, మందిరపు ప్రతిధ్వని ప్రధానాలు. 97 మెట్లు గల బోసెండోర్ఫర్ 290 ఇంపీరియల్ నమూనాలు ఇందుకు తగినవి. సింథజీ సంస్థవారి ఐవరీ 2 గ్రాండ్ పియానోస్‌లో దీనితోపాటు స్టైన్‌వే డి, యమహా సి7 కూడా ఉన్నందున మూడింటి స్వభావాలనూ పోల్చి చూడవచ్చు.

గానానికి తోడుగా వాయించేటప్పుడు పరిస్థితి వేరు. హల్లుల స్పష్టతకు 2–4 కిలోహెర్ట్జ్ పరిధి కీలకం. మెరుపుగల పియానో గట్టిగా మోగితే అదే పరిధిని ఆక్రమిస్తుంది. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థవారి నోయిర్‌లో నిల్స్ ఫ్రామ్ వాడే యమహా సిఎఫ్ఎక్స్‌కు సాధారణ రూపంతోపాటు ఫెల్ట్ రూపమూ ఉంది. సుత్తులకు, తంత్రులకు నడుమ ఫెల్ట్ గుడ్డ చేరినందున పై స్వరాంశాలు తగ్గి, మాటకు చోటు దొరుకుతుంది. డ్రమ్స్, గిటార్ కలిసిన పాటలో మాత్రం ఈ మెత్తదనమే లోపమై పియానో వినిపించకపోవచ్చు. అక్కడ దగ్గరి మైక్రోఫోన్‌తో తీసిన మెరుపు నాదమే ఉచితం.

5. పరీక్షా విధానం

ప్రదర్శన కోసం విడుదలయ్యే ఏకాకి వాదనాలను విని నిర్ణయించుకోవడం సరికాదు. ఒకే మిడి వాదనాన్ని ఆయా వాద్యాలతో పలికించి, శబ్దస్థాయిని సమానం చేసి, గాత్రంతో కలిపి వినాలి. ఎక్కువ బిగ్గరగా ఉన్నదే మేలైనదిగా తోచడం సహజం కనుక ఈ సమానత అవసరం. తర్వాత ఒకే మెట్టును మెల్లగా మొదలుపెట్టి క్రమంగా గట్టిగా నొక్కాలి. నాదం మెట్లెక్కినట్లు తటాలున మారితే స్థాయిల మధ్య అతుకు సరిగా లేదని గ్రహించాలి. చివరగా, గీతాన్ని ముందుగా చదవని ఒకరిచేత సాహిత్యాన్ని విని రాయించాలి.

6. ఉపసంహారం

నమూనా వాద్యం ఎంపికలో పరిమాణం కన్న పాత్ర, పేరు కన్న పరీక్ష ముఖ్యం. ఏకాకి వాదనంలో గాంభీర్యమనిపించినదే గానంలో మాటకు అడ్డు కావచ్చు. సాహిత్యప్రధానమైన ముద్రణలో శ్రోత రాసిన ప్రతిలో ఒత్తులు, మహాప్రాణాలు సరిగా నిలిస్తే, ఆ పియానో ఉచితమైనదే అయినా ఎంపిక సరైనదే.